మిరియపు గింజ మీద తడిగుడ్డ

ఒళ్లో ఉన్న ఇనప డబ్బా చల్లగానే ఉంది. అయినా ఎలిశబెతమ్మకు మాత్రం తొడల మీద నిప్పుల కుంపటి పెట్టుకుని కూర్చున్నట్టుంది. మైపాడులో బస్సెక్కేటప్పుడు మనవరాలు అబిగయీలు "ఇటియ్యవ్వా, బరువుగా ఉండాది" అని చెయ్యి చాపితే, "నీకెందుకు పాపా, నేను పట్టుకుంటా గదా" అని లాక్కున్నంత పని చేసి ఒళ్లో పెట్టుకుంది. మోస్తే తప్పులో పిసరంతయినా అరిగిపోతుందేమోనన్న ఆశ తప్ప ఆ లాక్కోవడంలో ఇంకేమీ లేదు. వానకు తడవకుండా డబ్బాకి పాత తువ్వాలు చుట్టారు. ఆ మడతల్లోంచి కాలిన వాసన వస్తూనే ఉంది, అన్నం మాడిన వాసన కాదు, ఎండుచేప మాడిన వాసనా కాదు, ప్లాస్టిక్కూ వెంట్రుకలూ కలిపి కాల్చినట్టు గొంతులో గీరుకునే వాసన, అదీ ముసురని అద్దాలన్నీ మూసేసిన బస్సులో! ముందు సీటు ఆయన ఇప్పటికే వెనక్కి తిరిగి చూశాడు. చూడడూ మరి. ఆ చూపు డబ్బా మీద పడిందో తన మొహం మీద పడిందో తెలియక ఎలిశబెతమ్మ చెంగు తీసి డబ్బా మీద కప్పింది, కప్పుతుంటే బొడ్డు దగ్గర దోపుకున్న గుడ్డపేలిక వేలికి తగిలింది. అదింకా అక్కడే ఉంది. మొన్న శుక్రవారం నుంచీ చీర మారినా అది మారలేదు, ఈ చీర బొడ్లోంచి ఆ చీర బొడ్లోకి, పారేయడానికి చేతులు రాక, ఎవరికీ చూపడానికి మొహం లేక. ఇందుకూరుపేట వచ్చేలోగా చెప్పేయాలి. చెప్పేస్తుంది. పాపా, ఈ డబ్బా కాలింది నీ వల్ల కాదు, నా వల్ల. ఇంతే గదా, ఎంతసేపు పడుతుంది, దగ్గినంత సేపు.

అబిగయీలు కిటికీ పక్కన అద్దానికి తల ఆనించి కూర్చుంది. అద్దం మీద ఆవిరి పట్టింది. మామూలుగా అయితే ఆ పిల్ల దాని మీద వేలితో ఏదో ఒకటి గీస్తుంది, చేపో, పడవో, కంప్యూటరు లోపలి తీగల బొమ్మో. ఇవాళ వేళ్లు సంచి మీద ముడుచుకుని ఉన్నాయి. సంచిలో తీగలు అతికించే సాల్డరింగు కడ్డీ ఉంది. దాన్ని నెల్లూరులో కంప్యూటర్లు బాగుచేసే అంగడాయనకు ఇచ్చేసి వస్తానంది పొద్దున. "నా చేతులకి ఈ పని రాదవ్వా. వచ్చనుకున్నా, రాదు" అంది. ఏడ్చినా బాగుండేది, పులుసులో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. ఆ చేతులు! పుట్టిన నాటి నుంచీ ఎలిశబెతమ్మకు తెలియని చేతులా అవి? పాకే వయసులో తాత వల బాగు చేసుకుంటుంటే పక్కన చేరి పళ్లు కూడా రాని నోరు తెరుచుకుని చిక్కుముడి లాగిన చేతులు, ఇంట్లో మిక్సీ మూగబోతే, టార్చిలైటు చచ్చిపోతే, పెద్దవాళ్లు అంగడికి పోదామనుకునేలోగా విప్పి ముందేసుకున్న చేతులు, బడి గడప సరిగా ఎక్కని తనకి వేలు పట్టి సంతకం నేర్పిన చేతులు. ఎలిశబెతు అని రాయడమంటే మాటలా, గుడీ ఎత్వమూ కొమ్మూ ఎన్ని వంకర్లు, ఎవరు పెట్టారమ్మా నాకీ పేరు అని తను విసుక్కుంటే, "అవ్వా, నా పేరు రాసి చూడు, నీది నయమని తెలుస్తుంది" అని నవ్విన పిల్ల. ఆ చేతులకి పని రాదంట. రాదని దానికి నేర్పింది ఎవరంటే, ఇదిగో, డబ్బా మోస్తూ కూర్చున్న ఈ మహాతల్లి.

ఆ కంప్యూటరు మాత్రం కొత్తదా ఏమన్నానా. రొయ్యల మేత అమ్మే ఆయన ఆఫీసులో మూలన పడేస్తే క్రీస్తురాజు అడిగి తెచ్చాడు కూతురి కోసం. క్రీస్తురాజు ఎలిశబెతమ్మ కొడుకు, సముద్రం మీదికి పోనని, గుంటల మీద ఏరియేటర్లు చూసుకునే పనిలో కుదురుకున్నవాడు. నీళ్లలో చక్రాలు తిరిగి రొయ్యలకు గాలి అందించే మిషన్లవి. అవి ఆగితే రొయ్యలు తేలిపోతాయి, అందుకని ఆ గుంటల పక్కన బతికేవాళ్లకు చప్పుడు లోకువ, నిశ్శబ్దమంటేనే హడలు. మబ్బు పట్టిన రోజుల్లో అవి పగలూ రాత్రీ తిరుగుతూనే ఉండాలి, ఆ రొద చెవుల్లో జోలపాటలా పోతుంటే హాయిగా కునుకు పడుతుంది, ఆగిందా, కునుకుతున్న మనిషి దిగ్గున లేచి కూర్చుంటుంది. అలాంటి చెవులున్న ఇంటికి ఈ కంప్యూటరు వచ్చి, వెనక కరెంటు అందించే ఈ ఇనప డబ్బాలో చిన్న ఫ్యాను పెట్టుకుని, వేసిన క్షణం నుంచి ఆపేదాకా గీపెడుతూనే ఉంటే ఎలిశబెతమ్మకు ఒక్కనాడూ విసుగు రాలేదు. ఇంకో గుంట ఇంట్లోకి వచ్చిందనుకుంది అంతే. విసుగు వచ్చింది నెల్లూరులో చూపులేని పిల్లల బడి సారుకి. అబిగయీలు చేసే పని ఏమిటంటే, బడి పుస్తకాలు మైకు ముందు పైకి చదివి పంపడం, ఆ పిల్లలు చెవులతో చదువుకోవడం. ఎంత మంచి పని! ఆ పిల్ల గొంతు అచ్చం తాతది, ఒడ్డున నిలబడి పిలిస్తే పడవ మీద వాళ్లు తిరిగి చూసే గొంతు. సారు ఫోనులో ఏమన్నాడంటే, అమ్మా, నువ్వు లెక్కలు చెప్పినా, కథ చెప్పినా, వెనక ఎప్పుడూ తుపాను గాలి వీస్తా ఉంది, పిల్లలు భయపడతా ఉండారు. ఆ గాలి తగ్గిస్తే ఏడాదంతా పుస్తకాలు నీకే ఇస్తానన్నాడు. అదే ఆ పిల్ల పట్టుదల.

"టిక్కెట్టు ఎవరమ్మా? ఏందవ్వా, ఒళ్లో పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నావు, దానికి గూడా టిక్కెట్టు తీయమంటావా?" అని కండక్టరు ఎకసెక్కెం చేశాడు. ఎలిశబెతమ్మ నవ్వబోయింది, పెదవులు సగం దూరం పోయి ఆగిపోయాయి. "కాలిపోయిందిలే నాయనా" అంది, కాలిపోయింది అన్న మాట నోట్లోంచి వచ్చాక పక్కనున్న పిల్ల భుజం కొంచెం ముడుచుకోవడం తన భుజానికి తెలిసింది. అయ్యో, ఏ మాట మాట్లాడినా దానికే తగులుతోంది. బస్సు గోతిలో పడి లేచింది, డబ్బా లోపల ఊడిపోయిన ముక్క ఏదో గలగలమంది, ఎండిన సొరకాయలో గింజలా. గింజ. ఆ గింజే గదా. మిరియపు గింజంత ఉంటుంది, రెండు సన్నని తీగల చివర, నల్లగా. "ఇది సెన్సరవ్వా, ఇదే దాని చర్మం అనుకో. వేడి తగిలితే ఫ్యాను జోరుగా తిప్పమంటుంది, చల్లగుంటే నిదానంగా తిప్పమంటుంది, ఊరికే అరవనియ్యదు" అని అబిగయీలు చెప్పింది. వీడియోలు చూసి, తీగలు తెచ్చుకుని, నాలిక మునిపళ్ల మధ్య పెట్టుకుని ఒక్కొక్క అతుకూ పెట్టింది. గింజని డబ్బా లోపల వేడి రేకుకి అంటించాలి అసలైతే, అంత లోపలికి పోవడానికి ఇంకా ధైర్యం చాల్లేదు, ఇప్పటికైతే డబ్బా వెనక జాలీ దగ్గర, వేడిగాలి బయటికి వచ్చే చోట కట్టి చూస్తానంది. కట్టింది. మొదట దాన్ని అవ్వ పిడికిట్లోనే పెట్టింది, పట్టుకోవ్వా, నీ వేడికి ఫ్యాను ఎట్ట లేస్తుందో చూడు, అని. అప్పుడే చేపలు కడిగి వచ్చిన చేతులు, ఫ్యాను లేవనే లేదు. "నీ చేతులు సచ్చినంత చల్లగుండాయవ్వా!" అని ఆ పిల్ల పడీపడీ నవ్వి, తన గుప్పిట్లో పెట్టుకుంది, ఫ్యాను మెల్లగా గొంతు పెంచింది, గింజని ఊది వదిలేసరికి మళ్లీ మెల్లగా తగ్గింది. మిషను ఊపిరి తీసుకుంటున్నట్టే ఉంది. ఆ మధ్యాహ్నం ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, కునుకు తీస్తున్న ఎలిశబెతమ్మ దిగ్గున లేచి గుంటల వైపు పరిగెత్తబోయింది. పిల్ల మైకు ముందు చదువుకుంటూ, వేలు పెదాల మీద పెట్టి, కళ్లతోనే నవ్వింది.

ఇందుకూరుపేట దాటిపోయింది. ఎప్పుడు దాటింది? బస్సు ఆగడం, బుట్టలు దిగడం, చామంతుల గంప ఎక్కడం, అన్నీ చూస్తూనే ఉంది, అయినా నోరు తెరుచుకోలేదు. సరే, నెల్లూరు పొలిమేర వచ్చేలోగా. రోడ్డుకు రెండు వైపులా నీళ్లు నిండిన మళ్లు, నారు తలలు మాత్రం పైకి, మనుషులు యూరియా గోతాల్ని గొడుగుల్లా కప్పుకుని గట్ల మీద. శుక్రవారం కూడా ఇదే ముసురు. ఇంటింటి ప్రార్థన వంతు ఎన్నాళ్లకో తమ ఇంటికి వచ్చింది, చర్చి అయ్యగారు వచ్చారు, సంఘంలో ఆడవాళ్లంతా వచ్చారు, జల్లు కొడుతుందని తలుపులు వేసుకుని ఒక్క గదిలో అందరూ ఒకరి మోకాళ్ల మీద ఒకరన్నట్టు కూర్చున్నారు. మబ్బు కదా, క్రీస్తురాజు గుంట విడిచి రాలేదు, కోడలు రొయ్యల షెడ్డులో పనికి పోయింది, అబిగయీలు కొత్త పుస్తకాల కోసం నెల్లూరు బడికి పోయింది. పోతూ పోతూ మరీ చెప్పింది, "అవ్వా, దీన్ని ఆపొద్దు, పాఠాలన్నీ సర్దే పనిలో ఉండాది. గదిలో వేడిగుంటే ఫ్యాను అరుస్తుంది, అరవనీ, దాని పని అది చేసుకుంటా ఉండాదని అర్థం." అరవనీ అంది. ఎంత స్పష్టంగా చెప్పింది! అంతమంది ఊపిర్ల వేడి, మూసిన తలుపులు, దానికి తోడు మిషను లోపలి పని, పాట మొదలయ్యేసరికి ఫ్యాను లేచి కూర్చుంది. అదిగో అప్పుడు తోడికోడలు జయశీల, ఊళ్లో ఎవరి ఇంటి కూర రుచైనా ఒక్క మాటతో పాడు చేయగల మనిషి, తల తిప్పి, "అక్కా, ఇంట్లోనే గుంట తవ్వినారా ఏంది? ఏరియేటరు వినబడతా ఉండాదే!" అంది. ఆడవాళ్లంతా నవ్వారు. అయ్యగారు కూడా పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వితే ఏమైంది? నువ్వూ నవ్వి ఊరుకుంటే పోయేది గదా ముసలిదానా. చెవులు భగ్గుమన్నాయి ఎలిశబెతమ్మకు. మా పిల్ల దాన్ని చెప్పినట్టు వినేలా చేసింది, చూడండి కావాలంటే, అని లోపల ఒక పొగరు బుస్సున లేచింది.

లేచి వంటింట్లోకి పోయి పాత చీర పేలిక చించి, కుండలో ముంచి పిండి, ఎవరూ చూడకుండా మిషను వెనక్కి చెయ్యి పోనిచ్చి ఆ గింజ చుట్టూ చుట్టింది. జ్వరమొచ్చిన పిల్లకి నుదుటి మీద తడిగుడ్డ వేసినట్టే. అంతకంటే ఆలోచన ఏముంది, ఒళ్లు కాలితే తడిగుడ్డ, అదే గదా చేతులకు తెలిసిన వైద్యం. ఫ్యాను విన్నది! రెండు చరణాలు అయ్యేలోగా గొంతు దించింది, దించి, దించి, పూర్తిగా మంచం పట్టినదానిలా మూలుగులోకి దిగింది. జయశీల వైపు ఎలిశబెతమ్మ చూసిన చూపు ఎలాంటిది! "మా పాప కట్టిన మిషనమ్మా, చెప్పిన మాట వింటుంది" అని కూడా అంది పైకి. గుడ్డ ఆరినట్టనిపించినప్పుడల్లా చెయ్యి తడుపుకుని పోయి పిండింది. అయ్యగారి ప్రార్థన పొడుగ్గా సాగుతోంది, రోగుల కోసం, పడవల మీద ఉన్నవాళ్ల కోసం, చదువుకునే బిడ్డల కోసం. కళ్లు మూసుకున్న ఎలిశబెతమ్మ ముక్కుకు ఏదో వాసన తగిలింది, ఎవరింట్లోనో ఏదో మాడుతోందనుకుంది. ఆమేన్ అనబోతుంటే డబ్బా ఢప్పుమంది. పొగ, అరుపులు, తలుపులు తెరవడం, ఎవరో మెయిను తీసేయడం. ఆ గందరగోళంలో తను చేసిన మొదటి పని ఏమిటి? ఎవరికైనా తగిలిందా అని చూడ్డం కాదు, మిషను ఏమైందని చూడ్డం కాదు. గుడ్డ లాగి బొడ్లో దోపుకోవడం.

వేడి చూసే గాజుపుల్ల గుర్తొస్తోంది ఇప్పుడు, ఎందుకో. క్రీస్తురాజు చంకలో పిల్లవాడుగా ఉన్నప్పుడు మిషనరీల ఆసుపత్రిలో పడుకోబెట్టారు. జ్వరం తగ్గితేనే పంపిస్తామన్నారు. మొగుడు సముద్రం మీద, ఇంటి దగ్గర మేకల్ని చూసేవాళ్లు లేక, ప్రాణమంతా ఊళ్లో ఉంది. నర్సమ్మ పుల్ల పెట్టి అటు తిరగ్గానే ఎలిశబెతమ్మ దాన్ని మంచినీళ్ల గ్లాసులో ముంచి, తుడిచి, మళ్లీ పిల్లవాడి చంకలో పెట్టింది. నర్సమ్మ తీసి చూసి, పిల్లవాడి నుదురు ముట్టుకుని, ఈమె వైపు తిరిగి, కోప్పడకుండా, అదే ఆశ్చర్యం, కోప్పడకుండా అంది గదా: "నువ్వు చల్లార్చింది పుల్లనమ్మా, పిల్లోడ్ని కాదు." వార్డంతా విన్నది, అందరూ నవ్వారు. ఎన్నేళ్లు ఆ కథ తనే నవ్వుతూ చెప్పుకుంది అందరితో, చూడండి నా తెలివి, అని! మాట తలలో ఉంది గానీ చేతుల్లోకి దిగలేదు. గింజ చల్లబడింది, డబ్బా లోపల కాలిపోతోంది, పాపం ఆ ఫ్యానుకేం తెలుసు, గింజ చెప్పినట్టు చల్లగా ఉందనుకుని నిదానంగా తిరిగింది, లోపల మంట పుడుతుంటే కూడా. దాన్ని అబద్ధం నమ్మించింది తను. ఫ్యాను నమ్మింది, అందరూ నమ్మారు.

గుడ్డ సంగతి ఒక్కటే అయితే మేలే. గుడ్డ తెలియక చుట్టింది, ముసలితనం, చదువు లేకపోవడం, ఎన్ని సాకులైనా దొరుకుతాయి దానికి. ఆ తర్వాత అన్న మాట ఉందే, దానికి సాకు లేదు. పొగ పోయాక జయశీల ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని, "చెప్పలా నేను? ఆడపిల్ల చేతికి ఆ తీగలిస్తే ఇల్లు కాలబెడుతుందని!" అంది. అందరూ ఎలిశబెతమ్మ మొహం చూశారు, ఏమంటుందోనని. బొడ్లో గుడ్డ తడి కడుపుకు తగులుతోంది, చల్లగా. నోరు తెరిచి, ఈ నోరే, "ఏం చేస్తాం చెల్లా, చిన్నపిల్ల చేతి పని" అంది. ఎవరూ అడగలేదు. గొంతు మీద కత్తి పెట్టలేదు. ఒట్టి నవ్వుకి, రేపు పంపు దగ్గర చెప్పుకుంటారన్న భయానికి, పిల్లని తీసి వాళ్ల ముందు పడేసింది. సాయంత్రం అబిగయీలు కొత్త పుస్తకాల కట్టతో నవ్వుతూ వచ్చేసరికి ఆ మాట ఊరంతా తిరిగి ఆ పిల్లకంటే ముందే ఇంటికి చేరింది. ఆ పిల్ల డబ్బా విప్పింది, వాసన చూసింది, ఒక్కొక్క అతుకునూ టార్చిలైటు వేసి చూసింది. అన్నీ బాగానే ఉన్నాయవ్వా, ఎందుకు పోయిందో తెలియడంలా, అంది. మళ్లీ చూసింది. తప్పు కనిపించకపోతే, కనిపించని తప్పేదో తన చేతుల్లోనే ఉందనుకుంది. తండ్రి వచ్చి, "పోనీలే పాపా, కొత్త డబ్బా తెచ్చుకుందాం, అది అరిస్తే అరవనీ, ఇంక నువ్వు మాత్రం దాన్ని విప్పొద్దు" అన్నాడు, ప్రేమగానే. పిల్ల సరే నాయనా అంది. సారుకు ఫోనులో కాదు, ఇంక నేను చదవలేను సార్, వేరే వాళ్లని చూసుకోండి, అని నెల్లూరులో ఆయన మొహం చూసే చెబుతానంది. ఇవాళే. ముందు అంగడి, తర్వాత బడి. ఇదీ బస్సులో జరుగుతున్నది, చూసేవాళ్లకు మాత్రం ఒక ముసలమ్మా ఒక పిల్లా డబ్బా పట్టుకుని పోతున్నారంతే.

"పాపా" అంది ఎలిశబెతమ్మ.

"ఏందవ్వా?"

తిరిగి చూసింది ఆ పిల్ల. కళ్ల కింద నల్లగా ఉంది. ఇన్నాళ్ల మాట, ఇంత దగ్గర మొహం. "చలేస్తా ఉందా?" అంది ఎలిశబెతమ్మ. "లేదవ్వా" అని మళ్లీ అద్దానికి ఆనుకుంది. చలేస్తా ఉందా! నాలిక కోసి కాకులకు వెయ్యాలి. బస్సు నెల్లూరులో మైపాడు గేటు దగ్గర ఆగింది, అందరూ లేచారు, చామంతుల గంప, గొడుగులు, మోచేతులు, దిగవ్వా దిగు అని వెనకనుంచి ఎవరో, ఇంక చెప్పడానికి బస్సు కూడా లేదు.

గంగాధరం అంగడి సందులో చిన్న గది. గోడల నిండా విప్పేసిన కంప్యూటర్లు, బల్ల మీద స్క్రూలు, టీ గ్లాసు. తువ్వాలు విప్పగానే ఆయన ముక్కు చిట్లించి నవ్వాడు. "బాగా కాల్చినారే! పాఠాలుండే డిస్కు ఇందులో ఉండదులే, దానికేం కాదు, పోయింది ఈ కరెంటు డబ్బా వరకే. ఎవరమ్మా దీనికి ఈ సెన్సరు పెట్టింది?"

"నేనేన్నా" అంది అబిగయీలు.

"వీడియో చూసి చేసుంటావు. ఈ మధ్య అందరూ వీడియోలు చూసే మెకానిక్కులు అయిపోతా ఉండారు. నా పొట్ట కొట్టడానికి కాకపోతే ఎందుకమ్మా నీకియ్యన్నీ, ఆ గొంతుతో హాయిగా చర్చిలో పాటలు పాడుకోక?" వేళాకోళమే, పాపం చెడ్డవాడు కాదు. అబిగయీలు సంచిలోంచి, తీగ నీటుగా చుట్టి ఉన్న కడ్డీ తీసి బల్ల మీద పెట్టింది. "ఇది మీరే ఉంచుకోండన్నా. ఎవరికైనా పనికొస్తుంది." అలా నీటుగా చుట్టిన తీగను ఎలిశబెతమ్మ చూసింది. చచ్చిన మనిషి బట్టలు అలాగే మడత పెడతారు. చెయ్యి దానంతట అది బొడ్డు దగ్గరికి పోయింది, పేలిక లాగింది, కడ్డీ పక్కన బల్ల మీద పెట్టింది. ముడతలు పడి, నీళ్లూ చెమటా తాగి ఆరి, ఒక చివర గోధుమరంగులో కాలి ఉంది.

"ఏందిది?" అన్నాడు గంగాధరం.

"గింజకి చుట్టినా నాయనా, తడిపి. ప్రార్థనలో అది అరుస్తా ఉంటే జయశీల నవ్విందని. ఆరినప్పుడంతా మళ్లీ తడిపినా." గొంతు తనది కాదు, ఎవరో వెనకనుంచి మాట్లాడుతున్నట్టుంది. ఇంకా ఉంది, అసలుది ఇంకా ఉంది. "కాలినాక, అందరి ముందరా, పిల్ల చేతి పని అన్నది గూడా నేనే. గుడ్డ నా బొడ్లోనే ఉండాది అప్పుడు."

గంగాధరం టీ గ్లాసు ఎత్తబోయి ఆగాడు. అబిగయీలు గుడ్డ వైపు చూసింది. చేతిలోకి తీసుకుంది, కాలిన చివర వేలితో రుద్దింది. ఎలిశబెతమ్మ దెబ్బ కోసం నిలబడినట్టు నిలబడింది, తిట్టవే, తిట్టు తల్లీ, నలుగురిలో తిట్టు. "గింజ చుట్టూతానా?" అంది ఆ పిల్ల. ఊ. "మొత్తం మూసుకునేటట్టా?" ఊ. "తడిపినాక ఫ్యాను ఎట్ట తగ్గింది, గబుక్కునా, మెల్లగానా?" మెల్లగా తగ్గింది పాపా, మంచం పట్టినదానిలాగా. ఆ పిల్ల గిరుక్కున గంగాధరం వైపు తిరిగింది. మొహం! శుక్రవారం నుంచీ ఎవరో ఎత్తుకుపోయిన మొహం తిరిగి వచ్చి కూర్చున్నట్టుంది. "అన్నా, విన్నావా? అది సరిగ్గానే పని చేసింది! చల్లగుందని గింజ చెప్తే నిదానంగా తిరిగింది, అదే గదా చేయాల్సింది! నా అతుకుల్లో తప్పు లేదు!" అవ్వ అక్కడ ఉన్నదన్న సంగతే మరిచిపోయింది. కడ్డీ లాక్కుని సంచిలో వేసుకుంది, డబ్బా విప్పింది, మాడని ఫ్యానునీ తను అతికిన తీగల పలకనీ బయటికి తీసింది, అన్నా కరెంటియ్యి, పన్నెండు ఓల్టులది, ఆ మూల ఉండాదే, అది. ఎలిశబెతమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. క్షమించమని అడగడానికి దాచుకున్న మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి, అడిగేవాళ్లు లేక. ఇదీ సిగ్గే, మరో రకం, తన తప్పుకు ఆ పిల్ల సంతోషంలో జానెడు చోటు కూడా దొరకలేదు.

దొరకలేదనుకోవడమే. తీగలు తగిలిస్తూ, తల ఎత్తకుండా అబిగయీలు అంది, "నాకెందుకు చెప్పలేదవ్వా?" ఈసారి గొంతు వేరు. "జయశీలవ్వ ఏమనుకుంటే నాకేంది. నువ్వు అన్నావని విని నేను..." ఆగింది. ముక్కు ఎగబీల్చింది. "ఈసారి లోపల రేకుకే అంటిస్తా, ఎవరి చెయ్యీ పోకుండా."

"అంటించు తల్లీ."

"వచ్చే శుక్రవారం జయశీలవ్వ ఇంట్లో ప్రార్థన. అందరి ముందరా నువ్వే చెప్పాల."

ఆ ఇల్లు, ఆ చాప, ఆ తిరిగే తలలు అన్నీ కళ్ల ముందు కనిపించాయి. ఈ అంగట్లో చెప్పడం పులుసు తాగినంత తేలిక, అక్కడ చెప్పడమంటే. "చెప్తా" అంది ఎలిశబెతమ్మ.

ఫ్యాను బల్ల మీద నిదానంగా తిరుగుతోంది, వినపడీ వినపడనట్టు, బయట వాన చప్పుడే దానికంటే ఎక్కువగా ఉంది. అబిగయీలు గింజని రెండు వేళ్లతో ఎత్తి అవ్వ వైపు చాపింది. "పట్టుకో." ఎలిశబెతమ్మ వెనక్కి తగ్గింది, నా చేతులొద్దు పాపా, నా చేతులు చల్లన అన్నావు గదా. "పట్టుకోవ్వా!" అని ఆ పిల్ల బలవంతాన పిడికిలి విప్పి గింజ పెట్టి మూసింది, తన వేళ్లు పైన బిగించింది. ఎలిశబెతమ్మ చెవులు కాలుతున్నాయి, మెడ కాలుతోంది, బస్సెక్కినప్పటి నుంచీ తొడల మీద మోసిన కుంపటంతా అరచేతుల్లోకి దిగినట్టుంది. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత ఫ్యాను మెల్లగా గొంతు సవరించుకుంది. రొద పెరిగింది, ఇంకా పెరిగింది, బల్ల మీద కాగితాలు కదిలాయి, పక్క అంగడివాళ్లు తొంగి చూశారు, గంగాధరం చెవులు మూసుకుని, "చాల్లే అవ్వా, వదిలిపెట్టు! ఏం ఒళ్లమ్మా అది!" అని అరిచాడు.

"వదలొద్దవ్వా" అంది అబిగయీలు, కళ్లు ఫ్యాను మీదనుంచి తిప్పకుండా.

ఎలిశబెతమ్మ వదల్లేదు.